ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ రివ్యూ: ముసలి చెట్టు బెరడు చూపించాలంటే ఈ ఫిల్మే

ఒంటరిగా నిలబడ్డ ముసలి చెట్టుని బ్లాక్ అండ్ వైట్‌లో తీయడానికి ఏ ఫిల్మ్ కొనాలి అంటే నేను తడుముకోకుండా చెప్పే పేరు ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్. ఐఎస్ఓ 125, అంటే వెలుగుని అందుకునే వేగం తక్కువే. చాలామంది దీన్ని స్లో ఫిల్మ్ అని, పాతకాలం ఫిల్మ్ అని పక్కన పెట్టేసి ఇంతకంటే వేగమైన హెచ్‌పీ5 ఫిల్మ్ కొంటారు, లేదంటే కొడాక్ ట్రై-ఎక్స్ కోసం వెతుకుతారు. అవి మంచివి కావని కాదు గానీ చెట్టుకి, అందులోనూ వందల ఏళ్ళ చెట్టుకి, ఈ ఫిల్మ్‌కి కుదిరినట్టు ఇంకోదానికి కుదరలేదు నాకు. ఎందుకో వివరంగా రాస్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

ముందు ఒక మాట. ఒంటరి చెట్టు ఫోటో అనగానే మనకి కనిపించేవి ఎక్కువగా సిల్హౌట్లే. వెనక తెల్లటి ఆకాశం, ముందు నల్లటి చెట్టు, అంతే. ఫోన్‌లో చిన్నగా చూసినప్పుడు బావుంటుంది, లైకులు కూడా వస్తాయి. కానీ ఆ చెట్టు పాతికేళ్ళదా నాలుగొందల ఏళ్ళదా అనేది ఆ ఫోటోలో తెలీదు. వయసు తెలిసేది బెరడులో. పగుళ్ళు, బొడిపెలు, ఎప్పుడో కొమ్మ విరిగి మానిన చోట పడ్డ మచ్చ, తొర్ర అంచు చుట్టూ మడతపడ్డ చెక్క, వేర్లు నేలలోకి దిగే చోట ఉబ్బు, ఇవన్నీ నలుపూ కాదు తెలుపూ కాదు, మధ్యలో ఉండే బూడిద రంగులు. ఆ బూడిద రంగుల్ని ఎన్ని మెట్లుగా విడదీసి చూపిస్తుందో దాన్ని బట్టే ఒక ఫిల్మ్ చెట్లకి పనికొస్తుందా లేదా అని నేను చూస్తాను. ఆ లెక్కలో ఎఫ్‌పీ4 ప్లస్‌కి నేను అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాశాను.

హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకి ఈ పరీక్ష పెట్టడానికి గోల్కొండ నయా ఖిలాలో ఉన్న బావోబాబ్‌ని మించిన చెట్టు లేదు. హథియాన్ కా ఝాడ్ అంటారు దాన్ని. ఆఫ్రికా చెట్టు, కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడికి వచ్చి నాటుకుందని చెప్తారు, నాలుగొందల ఏళ్ళు దాటిందంటారు, మాను చుట్టుకొలత దాదాపు 27 మీటర్లు. పదిహేను పదహారు మంది చేతులు పట్టుకుని నిలబడితే గానీ చుట్టూ అందదు. పైకి ఎక్కితే లోపల మనుషులు దూరేంత తొర్ర ఉంది, ఒకప్పుడు నలభై మంది దొంగలు అందులో దాక్కునేవాళ్ళని అక్కడివాళ్ళు కథగా చెప్తారు. వానాకాలంలో ఆకులేస్తుంది, చలికాలం ముదిరేకొద్దీ రాల్చేసి ఎండాకాలం చాలావరకు మోడుగా ఉంటుంది. ఫోటోకి మోడుగా ఉన్నప్పుడే బావుంటుంది నా మటుకు, కొమ్మల లెక్క తెలుస్తుంది, మాను మీదకి వెలుగు నేరుగా పడుతుంది. లోపలికి వెళ్ళడానికి, ముఖ్యంగా ట్రైపాడ్ పెట్టడానికి అనుమతి సంగతి ముందే కనుక్కుని వెళ్ళండి, తీరా అక్కడికెళ్ళాక వెనక్కి రావడం ఎందుకు.

ఆ మాను బెరడు ఏనుగు చర్మంలా ఉంటుంది. మెత్తగా కనిపిస్తూనే ముడతలు పడి, ఒక్కోచోట మైనం కరిగి కిందకి జారి గడ్డకట్టినట్టు. రంగు చూస్తే మామూలు బూడిద, కొంచెం గులాబీ కలిసినట్టు ఉంటుంది. కలర్‌లో తీస్తే ఆ రంగు తప్ప ఏమీ కనిపించదు. ఎఫ్‌పీ4లో పొద్దున్నే ఏటవాలు ఎండలో తీసిన నెగటివ్‌ని లైట్ బాక్స్ మీద పెట్టి లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎండ తగిలిన వైపు నుంచి నీడ వైపుకి మాను తిరిగే చోట ఒక్క గీత గీసినట్టు మారదు, ఒక ముడతకి వెలుగు అంచు, దాని పక్కనే సన్నటి నీడ, మళ్ళీ ఇంకో ముడత, అలా నీడలోకి వెళ్ళేకొద్దీ ఒక్కో మెట్టు దిగుతూ వెళ్తుంది, పూర్తి నీడలో కూడా ముడత ముడతలాగే ఉంటుంది. జనం చాకులతో చెక్కిన పేర్లు కూడా ఉన్నాయి ఆ మాను మీద, పాపం, పాతవి బెరడు పెరిగి సాగిపోయి చదవడానికి రాకుండా అయ్యాయి, కొత్తవి పదునుగా ఉన్నాయి. 12 బై 16 ప్రింట్‌లో ఆ రెంటికీ తేడా స్పష్టంగా తెలిసింది, ఏది పాత గాయం ఏది కొత్త గాయం అని చూసినవాళ్ళే చెప్పగలిగారు. 35ఎంఎం నెగటివ్ నుంచి అంత వివరం రావడం చిన్న విషయం కాదు. గ్రెయిన్, అంటే ఫోటోలో కనిపించే చిన్న చిన్న రవ్వలు, ఉంది, లేదని అనను, కానీ ఆకాశంలో తప్ప కనపడదు, బెరడులో అయితే బెరడులో కలిసిపోతుంది.

ఇక ఫిల్టర్ల సంగతి, అదే లెన్స్ ముందు పెట్టే రంగు అద్దాలు. ఇక్కడే నాకు చాలామందితో పేచీ. బ్లాక్ అండ్ వైట్ ల్యాండ్‌స్కేప్ అనగానే రెడ్ ఫిల్టర్ కొనమంటారు, యూట్యూబ్ నిండా అదే. ఆకాశం నల్లగా, మబ్బులు తెల్లగా ఉరిమినట్టు వస్తాయి, నిజమే. కానీ ఎర్ర ఫిల్టర్ పచ్చ రంగు వెలుగుని ఆపేస్తుంది కదా, అంటే ఆకులన్నీ నల్లబడతాయి. చింతచెట్టు తీసుకోండి, చిన్న చిన్న ఆకులు, కొమ్మ కొమ్మకీ మధ్య వెలుగు జల్లెడ పట్టినట్టు దిగుతుంది, అదే దాని అందం. రెడ్ పెట్టి తీస్తే ఆ గుబురంతా ఒక నల్ల ముద్ద. పైన ఆకాశం అద్భుతం, కింద ముద్ద. ఫోటో చెట్టుదా ఆకాశానిదా మరి?

మన దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది, ఇది బయటి దేశాల రివ్యూల్లో దొరకదు. మన ఎర్రమట్టి. అనంతపురం వైపు గానీ మహబూబ్‌నగర్ వైపు గానీ దుక్కి దున్నిన ఎర్ర చేలో ఒంటరిగా వేపచెట్టో చింతచెట్టో ఉంటుంది, చూడగానే ఆగి తీయాలనిపించేది అదే. రెడ్ ఫిల్టర్ ఆ మట్టిని తెల్లగా చేసేస్తుంది, ఎర్ర వెలుగంతా వదిలేస్తుంది కాబట్టి. చెట్టు నలుపు, నేల సున్నం కొట్టినట్టు. అదే చోట ఎల్లో-గ్రీన్ ఫిల్టర్ పెట్టి చూడండి, మట్టి ముదురు బూడిదలోకి దిగుతుంది, ఆకులు ఒక మెట్టు తేలికవుతాయి, చెట్టు నేల నుంచి విడివడి నిలబడుతుంది, ఆకాశం కూడా కొద్దిగా ముదురుతుంది, చాలినంత. నల్లరేగడి అయితే ఏ ఫిల్టర్‌తోనైనా నల్లగానే ఉంటుంది, అక్కడ మాత్రం మామూలు ఎల్లో చాలు. మోడుగా ఉన్న చెట్టు అయితే, అంటే ఆకులే లేనప్పుడు, ఆరెంజ్ వాడినా నష్టం లేదు. రెడ్ కొనొద్దు అని నేను అనట్లేదు, ముందు ఎల్లో-గ్రీన్ కొనండి, రెడ్ తర్వాత చూసుకోవచ్చు.

ఎఫ్‌పీ4 స్లో ఫిల్మ్ కాబట్టి కూడా ఈ మాట చెప్తున్నాను. మంచి ఎండలో సన్నీ 16 లెక్కన, అంటే లెన్స్ రంధ్రం ఎఫ్/16 దగ్గర, షట్టర్ సెకనులో ఐఎస్ఓ అంకె వంతు పెట్టే లెక్కన, ఎఫ్/16, 1/125. ఎల్లో పెడితే ఒక స్టాప్ పోతుంది, అంటే వెలుగు సగమవుతుంది, ఎఫ్/11 దగ్గర ఇంకా 1/125 ఉంటుంది, చేత్తోనే తీసుకోవచ్చు. రెడ్ అయితే మూడు స్టాపులు, అదే ఎఫ్/11కి 1/30 అవుతుంది, ట్రైపాడ్ తప్పదు, ట్రైపాడ్ పెట్టినా గాలికి ఆకులు కదిలి చెదిరిపోతాయి. మన మైదానాల్లో ఒంటరి చెట్టుకి గాలి అడ్డుపెట్టేది ఏదీ ఉండదు, ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది.

అసలు ఫిల్టర్ పెట్టుకునే అదృష్టం మనకి వచ్చిందే ఫిల్మ్ అన్ని రంగుల్నీ పట్టుకోవడం నేర్చాక. ఫిల్మ్ రాక ముందు ఫోటోలు తీసిన పాత గాజు పలకలకి నీలం వెలుగు తప్ప పచ్చ, ఎరుపు సరిగ్గా అందేవి కావు. మన సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కాలం అదే, ఆ రోజుల ఫోటోల్లో ఆకాశం ఎక్కువగా తెల్ల కాగితంలా ఉండటానికి కారణం ఇదే, ఫోటోగ్రాఫర్ల లోపం కాదు. అమెరికా యోసెమిటీలో సెంటినల్ డోమ్ అనే రాతి గుట్ట మీద ఒంటరి జెఫ్రీ పైన్ చెట్టు ఉండేది, గాలికి ఒక పక్కకి వాలిపోయి పెరిగింది. పంతొమ్మిదో శతాబ్దంలో కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఫోటోగ్రాఫర్ దాన్ని గాజు పలక మీద తీశాడు, 1940లో అదే చెట్టుని ఆన్సెల్ ఆడమ్స్ తీశాడు. పలకల కాలానికీ ఫిల్మ్ కాలానికీ మధ్య ఏం మారిందో తెలుసుకోవాలంటే ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఆ చెట్టు 1970ల కరువులో ఎండిపోయింది, 2003లో కూలిపోయింది. ఇప్పుడు మిగిలినవి ఆ ఫోటోలే. జపాన్‌లో బియే అనే ఊళ్ళో పొలం మధ్య వంగి నిలబడ్డ పాప్లార్ చెట్టు కూడా అంతే, ఫోటోల కోసం జనం పొలం తొక్కేస్తున్నారని 2016లో ఆ రైతే నరికించేశాడు. ఇది చదివే ఫోటోగ్రాఫర్లకి నా మనవి, చేను వేసి ఉన్నప్పుడు గట్టు దిగకండి, రైతుని అడగండి, మనవాళ్ళు చాలావరకు కాదనరు, పైగా ఆ చెట్టు కథ కూడా చెప్తారు.

ఫిల్మ్ దగ్గరికి వస్తే, ఎఫ్‌పీ అంటే ఫైన్ గ్రెయిన్ పాంక్రోమాటిక్, అన్ని రంగుల వెలుగునీ పట్టుకునే సన్న గ్రెయిన్ ఫిల్మ్ అని. ఈ ఎఫ్‌పీ వంశం 1930ల నుంచి వస్తోంది, ఇప్పుడు మనం కొనే ఎఫ్‌పీ4 ప్లస్ 1990లో వచ్చింది. ఇంగ్లండ్‌లో చెషైర్‌లోని మాబర్లీ ఫ్యాక్టరీలో తయారవుతుంది. 2004లో కంపెనీ మునిగిపోయే పరిస్థితి వస్తే అక్కడి మేనేజర్లే కొనుక్కుని హార్మన్ టెక్నాలజీ పేరుతో నిలబెట్టారు, 1879లో కంపెనీ మొదలుపెట్టిన ఆల్‌ఫ్రెడ్ హార్మన్ పేరు అది. వాళ్ళు ఆ పని చేసి ఉండకపోతే ఈరోజు నేను ఈ రివ్యూ రాసేవాణ్ణి కాదు, అందుకే వాళ్ళంటే నాకు గౌరవం.

ఈ ఫిల్మ్‌లో నాకు బాగా నచ్చింది దాని క్షమించే గుణం. వెలుగు ఆరు స్టాపులు ఎక్కువ పడినా, రెండు స్టాపులు తక్కువ పడినా పనికొచ్చే ఫోటో వస్తుందని కంపెనీ వాళ్ళే డేటాషీట్‌లో రాశారు. ఆరు సంగతి నేను ప్రయత్నించలేదు గానీ ఎక్కువ వైపు రెండు మూడు స్టాపులు మాత్రం బెదరకుండా తట్టుకుంటుంది. తక్కువ వెలుగు మాత్రం ఇవ్వకండి, చెట్టు నీడలోనే కదా మన బెరడు ఉండేది, తక్కువ పడితే పోయేది అదే. వెలుగుని కొలిచే కెమెరా మీటర్‌కి ఆకాశం ఎదురుగా చూపిస్తే అది ఆకాశాన్ని బూడిద చేసేసి చెట్టుని బొగ్గు చేస్తుంది. అందుకని చెట్టు దగ్గరికి నడిచి వెళ్ళి, మాను నీడ వైపు మాత్రమే ఫ్రేమ్ నిండా పెట్టి రీడింగ్ తీసుకోండి, ఆ రీడింగ్ నుంచి రెండు స్టాపులు తగ్గించండి, వెనక్కి వచ్చి అదే సెట్టింగ్‌తో తీయండి. వెలుగుని మెట్లుగా లెక్కించే జోన్ సిస్టమ్‌లో నీడని మూడో జోన్‌లో పెట్టడం అంటే ఇంతే. ఎండ మరీ తీవ్రంగా ఉండే మధ్యాహ్నం అయితే కెమెరాలో ఐఎస్ఓని 125 బదులు 64 అని పెట్టి డెవలప్‌మెంట్ ఒక పదిహేను ఇరవై శాతం తగ్గించండి, నీడ నిండుగా వస్తుంది, ఎండ పడ్డ కొమ్మలు కాలిపోవు. వేసవిలో మనకి తప్పని పద్ధతి ఇది.

ఆకాశం గురించి రెండు ముక్కలు. ఏప్రిల్, మే నెలల్లో మన ఆకాశం నీలంగా ఉండదు, దుమ్ముతో తెల్లగా ఉంటుంది. నీలం లేనప్పుడు ఏ ఫిల్టర్ పెట్టినా ముదరదు, డబ్బులు దండగ. అప్పుడు ఆ తెలుపునే వాడుకోవాలి, మోడు చెట్టు కొమ్మలు తెల్ల ఆకాశం మీద గీసినట్టు వస్తాయి, మాను మాత్రం మెత్తటి వెలుగులో పూర్తిగా కనిపిస్తుంది. వానలు వెనకపట్టిన తర్వాత, దసరా నుంచి కార్తీకం దాకా, గాలి కడిగినట్టు ఉంటుంది, తెల్లటి గుట్టల మబ్బులు వస్తాయి, ఏడాది మొత్తంలో ఫిల్మ్ ఖర్చుపెట్టాల్సింది అప్పుడే. ఇంకో సంగతి, తిమ్మమ్మ మర్రిమాను, పిల్లలమర్రి లాంటి వాటిని ఒంటరి చెట్టు ఫోటోగా తీద్దామని వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నా, అవి ఒక్క చెట్టే అయినా అక్కడ నిలబడితే అడవిలో ఉన్నట్టే ఉంటుంది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఎకరాల కొద్దీ పరుచుకుంది, గిన్నిస్ వాళ్ళు కూడా ఎక్కించారు దాన్ని. అక్కడ చెట్టు మొత్తం తీయాలని చూడకుండా ఒక ఊడ, ఒక మాను, వాటి మధ్య వెలుగు, అలా తీస్తే ఈ ఫిల్మ్ అక్కడ కూడా చక్కగా పనిచేస్తుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మ కూలితే 2018లో సెలైన్ బాటిళ్ళతో మందు ఎక్కించి బతికించారు, గుర్తుండే ఉంటుంది. ముసలి చెట్లని తీయడం వాయిదా వేయకూడదని అందుకే అంటాను.

ఇప్పుడు డెవలపింగ్, అంటే తీసిన ఫిల్మ్‌ని కెమికల్స్‌లో కడిగి నెగటివ్ చేయడం. ఇంట్లోనే చేసుకోండి అని గట్టిగా చెప్తాను, డార్క్ రూమ్ అక్కర్లేదు, ఒక చేంజింగ్ బ్యాగ్ (వెలుగు చొరని సంచి), ఒక ట్యాంక్, మూడు కెమికల్స్ చాలు. ఇల్ఫోర్డ్ ఐడీ-11 డెవలపర్‌లో దానికి సమానంగా నీళ్ళు (1+1) కలిపితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. సమస్య ఏంటంటే ఆ 20 డిగ్రీలు. మే నెలలో మన కుళాయి నీళ్ళే 30 దాటి ఉంటాయి. ఫ్రిజ్ నీళ్ళు కలిపి డెవలపర్‌ని దించుకోవచ్చు, ట్యాంక్‌ని ఐస్ వేసిన బకెట్‌లో నిలబెట్టుకోవచ్చు, లేదా 24 దగ్గర పెట్టుకుని టైమ్ తగ్గించుకోవచ్చు, ఇల్ఫోర్డ్ వాళ్ళ టెంపరేచర్ చార్ట్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని ప్రింట్ తీసి గోడకి అంటించుకోండి. 24 దాటి మాత్రం వెళ్ళకండి, టైమ్ మరీ తగ్గిపోయి డెవలప్‌మెంట్ సమంగా రాదు, ఆ మచ్చలు కనిపించేది ఖాళీ ఆకాశంలోనే, ఒంటరి చెట్టు ఫోటోలో సగం పైన ఆకాశమే కదా.

బోరు నీళ్ళు ఇంకో శత్రువు. మన వైపు నీళ్ళలో సున్నం ఎక్కువ, ఆరిన తర్వాత నెగటివ్ మీద తెల్ల చుక్కలు మిగిలిపోతాయి, అవి కూడా ఆకాశంలోనే తేలతాయి. ఆఖరి కడుగుకి మాత్రం డిస్టిల్డ్ వాటర్ వాడండి, బ్యాటరీ షాపుల్లో దొరికేదే, అందులో నీళ్ళు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసే వెట్టింగ్ ఏజెంట్ రెండు చుక్కలు వేయండి. కడగడానికి కుళాయి కింద అరగంట పెట్టాల్సిన పని కూడా లేదు, ఇల్ఫోర్డ్ పద్ధతి ఒకటుంది, ట్యాంక్ నింపి 5 సార్లు తిప్పి పారబోయడం, మళ్ళీ నింపి 10 సార్లు, మళ్ళీ నింపి 20 సార్లు, అంతే. అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ ట్యాంకర్ కోసం ఎదురుచూసే వాళ్ళకి ఇది పెద్ద వరం. ఎఫ్‌పీ4 ఆరిన తర్వాత బల్లపరుపుగా ఉంటుంది, చుట్టుకుపోదు, స్కాన్ చేసేటప్పుడు హాయి.

ల్యాబ్‌కి ఇవ్వాలనుకుంటే ఒక జాగ్రత్త. నేను ఒక ల్యాబ్‌కి ఇస్తే రోల్ పొడుగునా సన్నటి గీత పడి వచ్చింది, అడిగితే మీ కెమెరాలోనే పడిందన్నారు, అదే కెమెరాతో తీసి ఇంట్లో కడిగిన రోల్స్‌లో ఎక్కడా గీత లేదు. దానికి తోడు స్కాన్లు కాంట్రాస్ట్ పెంచేసి పంపారు, బెరడు మొత్తం నలుపులో మునిగిపోయింది, నెగటివ్‌లో మాత్రం అంతా భద్రంగా ఉంది. కాబట్టి ల్యాబ్‌కి ఇస్తే స్కాన్ ఫ్లాట్‌గా, అంటే కాంట్రాస్ట్ పెంచకుండా, టిఫ్ ఫైల్‌గా కావాలని ముందే చెప్పండి, నెగటివ్ కత్తిరించకుండా అయినా సరే వెనక్కి ఇమ్మని అడగండి. స్కాన్ చూసి ఫిల్మ్‌ని తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, తప్పు ఫిల్మ్‌ది కాదు.

మిగతా ఫిల్ములతో పోలిస్తే ఎలా ఉంది అనేవాళ్ళ కోసం. హెచ్‌పీ5 ప్లస్ 400 స్పీడ్, గాలి బాగా వీచే రోజు, సాయంత్రం వెలుగు తగ్గాక అదే తీసుకెళ్తాను, కానీ బెరడులో గ్రెయిన్ కలిసి కొంచెం ఇసక పోసినట్టు ఉంటుంది. డెల్టా 100 దీనికంటే పదును, దీనికంటే గ్రెయిన్ తక్కువ, అయితే ఎక్స్‌పోజర్ లెక్క తప్పితే ఇంత దయ చూపించదు, ఎండ పడ్డ కొమ్మలు త్వరగా తెల్లబడతాయి. ఫోమాపాన్ 100 చవక, నేర్చుకునేవాళ్ళకి చాలా మంచిది, కానీ లాంగ్ ఎక్స్‌పోజర్‌కి, అంటే షట్టర్ సెకన్ల తరబడి తెరిచి తీసేదానికి, అస్సలు వద్దు, సెకను దాటితే టైమ్ విపరీతంగా పెంచాల్సి వస్తుంది. ఎస్ఎఫ్ఎక్స్ 200 అని ఇల్ఫోర్డ్‌దే ఇంకోటి, ముదురు ఎరుపు ఫిల్టర్‌తో ఆకులు తెల్లగా మెరుస్తాయి, సరదాకి ఒకసారి బావుంటుంది.

లాంగ్ ఎక్స్‌పోజర్ మాట వచ్చింది కాబట్టి, మబ్బులు సాగదీసి చెట్టు కదలకుండా తీసే పద్ధతికి ఎఫ్‌పీ4 ఎంత టైమ్ అడుగుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. అర సెకను దాకా ఏ సవరణా అక్కర్లేదు. సెకను దాటితే మీటర్ చెప్పిన సెకన్లని 1.26 ఘాతానికి పెంచాలి, అంటే మీటర్ 10 అంటే దాదాపు 18 సెకన్లు, 30 అంటే 73 దాకా. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. దీనికి మోడు చెట్టునే ఎంచుకోండి, లేదా బావోబాబ్ లాంటి బలిసిన మానుని. ఆకులున్న చెట్టు పొగలా అయిపోతుంది, కొంతమందికి అది ఇష్టం, నాకు కాదు.

ఇక తగ్గించిన ఆ అర మార్కు. ధర, దొరకడం. నేను కొన్నప్పుడు రోల్ వెయ్యి రూపాయలు అటూ ఇటూగా పడింది, 36 ఫోటోలకి, కెమికల్స్ ఖర్చు వేరే. పెద్ద ఊళ్ళు దాటితే షాపులో దొరకదు, ఆన్‌లైన్ ఒకటే దారి, అది కూడా ఒక్కోసారి నెలల తరబడి స్టాక్ ఉండదు. ఊటీలో 1960లో మన సర్కారు పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఉండేది, ఇందు అనే పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మనమే తయారుచేసుకునేవాళ్ళం, అది మూతపడ్డాక ప్రతి రోలూ సముద్రం దాటి రావాల్సిందే. అది నిలబడి ఉంటే ఈ రోజు కాలేజీ పిల్లలు కూడా భయపడకుండా ఫిల్మ్ వాడేవాళ్ళని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే 30 మీటర్ల బల్క్ రోల్ కొని క్యాసెట్లలో మీరే చుట్టుకోండి, పద్దెనిమిది రోల్స్ దాకా వస్తాయి, ఇద్దరు ముగ్గురు కలిసి కొంటే ఇంకా మేలు.

డిజిటల్‌లో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసుకుంటే పోలా అని అడుగుతారు. చేసుకోవచ్చు, పచ్చ ఎంత ముదరాలో ఎరుపు ఎంత తేలవ్వాలో ఇంటికొచ్చాక స్లైడర్‌తో తేల్చుకోవచ్చు, నేనూ చేస్తాను, ముఖ్యంగా కొత్త చెట్టు చూసినప్పుడు ఏ ఫిల్టర్ కుదురుతుందో తెలుసుకోవడానికి ఫోన్‌తోనే ముందు చూసుకుంటాను. కానీ ఎండ పడ్డ బెరడు అంచు దగ్గర తేడా తెలుస్తుంది. డిజిటల్‌లో వెలుగు పరిమితి దాటగానే తెల్లగా తెగిపోతుంది, అక్కడ ఇక ఏమీ ఉండదు. ఈ ఫిల్మ్‌లో వెలుగు నెమ్మదిగా ఒంగుతుంది, బాగా ఎండ పడ్డ చోట కూడా ముడత ఆనవాలు మిగిలి ఉంటుంది. నాలుగొందల ఏళ్ళ మాను ఫోటోకి ఆ ఆనవాలు చాలా ముఖ్యం.

మీడియం ఫార్మాట్ కెమెరా ఉన్నవాళ్ళు 120 సైజే కొనండి, ఒక రోల్‌లో తక్కువ ఫోటోలు వస్తాయి గానీ ఒక్క చెట్టు చుట్టూ తిరుగుతూ తీసేదానికి అవి చాలు, నెగటివ్ పెద్దది కాబట్టి గోడకి పెట్టే ప్రింట్ కూడా తీసుకోవచ్చు. కొన్న ఫిల్మ్‌ని ఫ్రిజ్‌లో పెట్టండి, తీయబోయే ముందు రెండు మూడు గంటలు బయట పెట్టి చల్లదనం పోయాకే కవర్ విప్పండి, లేకపోతే తేమ పడుతుంది. మేలో కారు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేసి భోజనానికి వెళ్ళకండి. విమానంలో అయితే చెక్-ఇన్ బ్యాగ్‌లో అస్సలు వేయొద్దు, చేతి సంచీలో పెట్టుకోండి, కొత్త సీటీ స్కానర్లు ఉన్న చోట చేత్తో చెక్ చేయమని మర్యాదగా అడగండి. ఇక ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బాక్స్ మీద ఎక్స్‌పైరీ తేదీ ఫోటో తీసి పంపమని సెల్లర్‌ని అడగండి, పంపనంటే ఇంకోచోట కొనుక్కోండి.